రియాలిటీ షో ఇంట్లో హత్య: మిస్టరీ నవలను దశలవారీగా అల్లడం ఎలా

ఇంటినిండా కెమెరాలున్న చోట హత్య జరిగిందని రాయగానే పాఠకుడికి ఒకే ప్రశ్న వస్తుంది: ఫుటేజ్ వెనక్కి తిప్పి చూస్తే హంతకుడు దొరికిపోడా? దీనికి గట్టి జవాబు లేకుండా మొదలుపెట్టిన నవల మూడో అధ్యాయంలోనే కూలబడుతుంది. కరెంటు పోయిందనో, సరిగ్గా ఆ రాత్రే కెమెరా పాడైందనో సర్దిచెప్పి ముందుకు లాగితే పాఠకుడు మొహమాటానికి పేజీ తిప్పుతాడేమో గానీ నమ్మడు.

జవాబు ఆ రంగం లోపలే ఉంది. కెమెరా చూసింది ఒకటి, రికార్డయింది ఒకటి, ఎడిటింగ్ టేబుల్ దాటి ప్రేక్షకుడికి చేరింది మరొకటి. ఈ మూడింటి మధ్య సందులుంటాయి. మీ హత్య ఆ సందులోనే జరగాలి, ఆధారాలు అక్కడే దాగాలి. హతురాలి బతుకును ముందుగా చిదిమేసింది కూడా ఆ సందే అయి ఉండాలి. ఇలాంటి నవల అసలు విషయం పేరుప్రఖ్యాతుల వెనకున్న చీకటి కోణం, దాని గురించి పేజీలకు పేజీలు ఉపన్యాసం రాయనక్కర్లేదు. పజిల్, బాధ రెండూ ఒకే చోట పుడితే విషయం తనంతట తానే బయటపడుతుంది.

మొదటి దశ: షో ఎలా నడుస్తుందో కాగితం మీద పెట్టండి

ముందు ఫార్మాట్ ఎంచుకోండి. పాటల పోటీ, పెళ్లిచూపుల షో, దీవిలో బతుకుపోరు, తాళం వేసిన ఇల్లు, ఏదైనా సరే. మొదటిసారి రాస్తున్నవాళ్లకు ఇల్లే మేలు. 1999లో నెదర్లాండ్స్‌లో బిగ్ బ్రదర్ మొదలైనప్పటి నుంచి పాఠకులందరికీ ఆ లోకం తెలుసు. నామినేషన్, ఎలిమినేషన్, కన్ఫెషన్ రూమ్, వైల్డ్ కార్డ్ అంటే విడమరిచి చెప్పనక్కర్లేదు. పైగా బయటి మనిషి రాలేడు, లోపలి మనిషి పోలేడు కాబట్టి అనుమానితుల జాబితాకు గోడలే హద్దు గీస్తాయి.

తర్వాత ఇంటి ప్లాన్ గీయండి. గదులు ఒక్కటే సరిపోవు. ఇంటి చుట్టూ అద్దాల వెనక నడిచే కెమెరా కారిడార్, కంట్రోల్ రూమ్, స్టోర్ రూమ్‌కున్న రెండు తలుపులు, సిబ్బంది సిగరెట్ తాగే మూల కూడా గీయాలి. స్టోర్ రూమ్ తలుపులు చాలా పనికొస్తాయి. లోపలివాళ్లు సరుకులు తీసుకునే తలుపు ఒకటి, సిబ్బంది సరుకులు పెట్టే తలుపు ఇంకొకటి. ఒకటి తెరిచి ఉన్నప్పుడు రెండోది మూసి ఉండాలన్నది నియమం. ఆ నియమాన్ని ఎవరైనా ఒక్కసారి తప్పితే చాలు, తాళం వేసిన గదికి దారి దొరికినట్టే.

కెమెరాలకు నంబర్లు వేయండి. ఉదాహరణకు 40 అనుకుందాం. 40 కెమెరాలు రోజంతా తిరిగితే రోజుకు 960 గంటల దృశ్యం, 30 రోజులకు 28,800 గంటలు. ఇదంతా దాచి ఉంచుతారని చాలామంది రచయితలు అనుకుంటారు. ఈ తరహా నిర్మాణంలో డైరెక్టర్ ఎంచుకున్న కొన్ని ఫీడ్లే, అంటే కెమెరాల నుంచి నేరుగా వచ్చే దృశ్యాలే, పూర్తిగా రికార్డయ్యే పద్ధతి ఉంది. మిగతా కెమెరాలు చూస్తుంటాయి గానీ దాచుకోవు. మీ నవలకు ఈ పద్ధతినే తీసుకోండి. అప్పుడు "ఫుటేజ్ ఏది?" అన్న ప్రశ్న "ఆ సమయంలో ఏ ఫీడ్ రికార్డు చేయాలని ఎవరు నిర్ణయించారు?" అని మారుతుంది. కథ నడిచేది ఈ రెండో ప్రశ్న మీదే.

మనుషుల సంగతికొస్తే, కంటెస్టెంట్లను అందరూ రాస్తారు, సిబ్బందిని మర్చిపోతారు. మీకు కనీసం నలుగురు కావాలి. రాత్రి షిఫ్ట్ డైరెక్టర్, అంటే ఏ ఫీడ్ రికార్డవాలో చెప్పే మనిషి. లాగర్, అంటే తెర ముందు కూర్చుని నిమిషానికో వాక్యం చొప్పున ఇంట్లో జరిగేదంతా రాసేవాళ్లు. మైకులు చూసుకునే సౌండ్ మనిషి. స్టోరీ ప్రొడ్యూసర్, అంటే ఎవరిని మంచివాళ్లుగా, ఎవరిని విలన్‌గా చూపాలో తేల్చే మనిషి. వీళ్లలో లాగర్‌ను గౌరవంగా రాయండి. జీతం తక్కువ, నిద్ర తక్కువ, తెరపై పేరు కూడా కళ్లకు కనిపించనంత వేగంగా వెళ్లిపోతుంది. కానీ ఇంటి గురించి అందరికన్నా ఎక్కువ తెలిసింది ఆ మనిషికే.

రెండో దశ: హతురాలిని రెండుసార్లు రాయండి

ఒక పేజీలో తెర మీద కనిపించిన మనిషిని రాయండి: గొడవలమారి, స్వార్థపరురాలు, కన్నీళ్లు కూడా నటనే. రెండో పేజీలో అసలు మనిషిని రాయండి. రెండు పేజీల్లోనూ అవే సంఘటనలుండాలి, తేడా కత్తిరింపులోనే ఉండాలి. ఆమె "నాకు వాడంటే అసహ్యం" అన్నది నిజమే కావచ్చు, కానీ అన్నది తోటి కంటెస్టెంట్ గురించి కాకుండా చిన్నప్పుడు తనను కొట్టిన ట్యూషన్ మాస్టారి గురించి కావచ్చు.

ఇలా అతికించే పనికి ఆ రంగంలో ఫ్రాంకెన్‌బైట్ అని పేరు. వేర్వేరు రోజుల్లో అన్న ముక్కల్ని కలిపి, మనిషి ఎన్నడూ అనని వాక్యం తయారు చేస్తారు. దాన్ని పట్టుకునే గుర్తులు మూడున్నాయి. వాక్యం మధ్యలో తెర మీద మాట్లాడే ముఖం పోయి వేరేవాళ్ల ముఖమో, ఖాళీ గదో వస్తుంది. వెనక గది శబ్దం, అంటే ఏసీ హోరు లాంటిది, ఉన్నట్టుండి మారుతుంది. వాక్యం చివర గొంతు దిగాల్సిన చోట దిగకుండా తెగిపోతుంది. ఈ మూడింటినీ మొదటి పది అధ్యాయాల్లో, హత్యతో సంబంధం లేని సన్నివేశంలో పాఠకుడికి చూపించి వదిలేయండి. తర్వాత హతురాలి వీడియోను వర్ణించేటప్పుడు అవే గుర్తులు ఏ వ్యాఖ్యానమూ లేకుండా కనిపించాలి. శ్రద్ధగా చదివేవాళ్లకు అక్కడే గుండె కలుక్కుమంటుంది.

ఒప్పందం సంగతి కూడా ఈ దశలోనే తేల్చుకోండి. ఇలాంటి ఒప్పందాల్లో మిమ్మల్ని మేము ఇష్టమొచ్చినట్టు చిత్రించవచ్చు, అది నిజం కాకపోయినా దావా వేయకూడదు అనే అర్థం వచ్చే షరతు, బయట నోరు విప్పితే భారీ పరిహారం కట్టాలనే షరతు మామూలే. ఒప్పందం నుంచి ఒకటిన్నర పేజీ మీరే రాసి, నవలలో ఒక చోట అలాగే పెట్టండి. చట్టం భాషలో ఉండే ఆ చల్లదనం ఏ వర్ణనకూ రాదు.

మూడో దశ: కారణం షోలోంచే రావాలి

ఆస్తి తగాదానో, పాత ప్రేమో కారణంగా పెడితే షో వట్టి సెట్టింగ్‌గా మిగిలిపోతుంది. అదే కథను రైలు పెట్టెలోకి మార్చినా నడిచిపోతుందంటే మీ కారణం తప్పు. కీర్తి వల్లే పుట్టిన కారణం కావాలి. ఇక్కడ చరిత్ర తెలిసుంటే చేయి తిరుగుతుంది.

1950ల్లో అమెరికాలో టీవీ క్విజ్ షోల పోటీదారులకు జవాబులు ముందే అందించారని బయటపడి, 1960లో అలా చేయడాన్ని నేరంగా మార్చుతూ చట్ట సవరణ తెచ్చారు. అంటే ఓట్లు, ఫలితాలు తారుమారయ్యాయన్న రహస్యం ఒక మనిషిని జైలుకు పంపగలదు. అది బలమైన కారణం. 1995లో అక్కడే ఒక టాక్ షోలో, తనంటే రహస్యంగా ఇష్టపడుతున్నది ఎవరో కెమెరా ముందు తెలుసుకున్న అతిథి, షూటింగ్ జరిగిన 3 రోజులకు ఆ ఇష్టపడిన మనిషిని కాల్చి చంపాడు. ఆశ్చర్యపరచడం కోసం ఒకరి లోపలి విషయాన్ని వేదిక మీద విప్పితే ఏం జరగొచ్చో చూపిన ఘటన అది. 1997లో స్వీడన్‌లో దీవి షో నుంచి మొదట బయటికి పంపబడిన వ్యక్తి, ఎపిసోడ్లు ప్రసారం కాకముందే ప్రాణం తీసుకున్నాడు. తనను ఎలా కత్తిరించి చూపిస్తారో అనే భయం ఆయన్ను తినేసిందని కుటుంబం చెప్పింది. గమనించండి, ప్రసారం ఇంకా మొదలే కాలేదు. రాబోయే ముద్ర భయమే అంత పని చేసింది.

2020లో జపాన్‌లో ఒక షోలో పాల్గొన్న 22 ఏళ్ల మల్లయోధురాలు, షోలో ఒక సన్నివేశం తర్వాత సోషల్ మీడియాలో కురిసిన దూషణల నడుమ చనిపోయింది. ఆ తర్వాత 2022లో ఆ దేశం అవమానపరిచే నేరానికి శిక్షను ఏడాది జైలు వరకు పెంచింది. బ్రిటన్‌లో 2021 నుంచి ప్రసార నియంత్రణ సంస్థ, షోల్లో పాల్గొనేవాళ్ల క్షేమం చూడాలంటూ నియమాలు చేర్చింది. నవలను మీరు ఏ దేశంలో, ఏ ఏడాదిలో పెడుతున్నారో దాన్నిబట్టి సిబ్బంది ఏం చేయాల్సి ఉందో, ఏం చేయకుండా వదిలేశారో మారుతుంది. అలా వదిలేసిన పని ఒక్కటి చాలు, నేరాన్ని దాచుకోవడానికి ఒకరికి కారణం దొరుకుతుంది.

పనికొచ్చే కారణాలు కొన్ని: ఓటింగ్ మార్చిన రహస్యం, ఫ్రాంకెన్‌బైట్ బయటపడుతుందన్న భయం, సైకాలజిస్ట్ ఇచ్చిన హెచ్చరికను తొక్కిపెట్టిన విషయం. "ఈ అమ్మాయిని షోలోకి తీసుకోవద్దు" అని రాసిన రిపోర్టును పక్కన పెట్టి, అందుకే తీసుకున్నారంటే, ఆ కాగితం తెలిసిన ప్రతి మనిషీ అనుమానితుడే.

నాలుగో దశ: హత్య రాత్రిని నిమిషాల్లో రాయండి

నవలలో ఎక్కడా కనిపించని రెండు పేజీలు ఇవి. హంతకుడి వైపు నుంచి, గడియారం చూస్తూ, జరిగింది జరిగినట్టు రాయాలి. ఇక్కడి నుంచి ఒక నమూనా కథ తీసుకుందాం. షో 47వ రోజు. హతురాలు ముందు ఎలిమినేట్ అయి, తన మాటల్ని అతికించారన్న రుజువుతో వైల్డ్ కార్డ్‌గా తిరిగొచ్చిన మనిషి. హంతకుడు స్టోరీ ప్రొడ్యూసర్.

1:50 షిఫ్ట్ అయిపోయిందని ప్రొడ్యూసర్ అందరికీ చెప్పి బయటికి నడుస్తాడు.
2:25 తోటలో ఇద్దరు కంటెస్టెంట్ల మధ్య గొడవ. డైరెక్టర్ రికార్డయ్యే రెండు ఫీడ్లనూ తోటకు మార్చుతాడు. గొడవ రాజుకోవడానికి కారణమైన చీటీని సాయంత్రం ఇంట్లో పెట్టించింది ప్రొడ్యూసరే.
2:36 కారిడార్ లోంచి స్టోర్ రూమ్ లోపలికి.
2:41 హత్య.
2:43 కారిడార్ లోంచి బయటికి.
7:00 మేలుకొలుపు పాట. శవం కనిపిస్తుంది.
7:04 లైవ్ ఫీడ్‌లో పడకుండా ఉండాలని ఇద్దరు సిబ్బంది శవాన్ని పక్కకు జరుపుతారు.
7:31 పోలీసులకు ఫోన్.

చివరి రెండు గీతలు చూడండి. హత్య చేసింది ఒక్కరు, కానీ 27 నిమిషాల పాటు ఒక గది నిండా మనుషులు ముందు లాయర్‌కు, తర్వాత ఛానెల్‌కు ఫోన్ చేశారు. నవల అయిపోయాక పాఠకుడిని వెంటాడేవి ఈ 27 నిమిషాలే. వాటికి ఒక పూర్తి అధ్యాయం ఇవ్వండి, ఎవరినీ రాక్షసుడిగా చేయకుండా, ప్రతి ఒక్కరూ తమ ఉద్యోగం గురించి ఆలోచిస్తున్నట్టు రాయండి.

ఐదో దశ: ఆధారాలు, వాటి కొలతలు

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ప్రతి ఆధారానికి మూడు చోట్లు రాసుకోండి: నియమం ఎక్కడ చెప్పాం, ఆధారం ఎక్కడ చూపాం, అర్థం ఎక్కడ విప్పాం. మొదటి రెండింటి మధ్య కనీసం నాలుగైదు అధ్యాయాల ఎడం ఉండాలి. పక్కపక్కనే పెడితే పాఠకుడు కలిపేస్తాడు. మరీ దూరం పెట్టి నియమాన్ని ఒక్కసారే చెబితే మర్చిపోతాడు, తర్వాత మోసం చేశారంటాడు.

చీకట్లో నల్ల చొక్కా సంగతి చూద్దాం. రాత్రి లైట్లు ఆర్పాక కెమెరాలు మన కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో చూస్తాయి. ఆ వెలుగులో మన కళ్లకు కనిపించే రంగులకు విలువ లేదు. నల్లటి బట్టల్లో చాలా రకాల రంగులు ఇన్‌ఫ్రారెడ్‌ను పీల్చుకోవు, వెనక్కి కొడతాయి. కాబట్టి నల్ల చొక్కా తెర మీద తెల్లగా, లేత బూడిదగా కనిపిస్తుంది. అన్ని నల్ల బట్టలూ అలా కావు, కార్బన్ కలిసిన నలుపు నల్లగానే ఉంటుంది. అద్దాల వెనక తిరిగే సిబ్బంది లోపలివాళ్లకు కనిపించకుండా నల్ల బట్టలు వేసుకుంటారు.

ఇప్పుడు వీటిని కలపండి. షో ఇచ్చిన నల్ల టీషర్టులు ఇన్‌ఫ్రారెడ్‌లో నల్లగానే ఉంటాయి. లాగర్‌కు ఈ సంగతి నెలన్నరగా అలవాటు. ఆ రాత్రి రికార్డు కాని ఒక కెమెరా తెరలో, కన్ను అటు పడిన రెండు సెకన్లలో, ఆమె చూసి ఇలా రాసుకుంది: "2:36, స్టోర్ వైపు తెల్ల చొక్కా." కాబట్టి సిబ్బంది కాదు, తెల్ల చొక్కాతో పడుకున్న కంటెస్టెంటే అని ఆమె నమ్మకంగా చెబుతుంది. ఆమె అబద్ధమాడడం లేదు, అనుభవమే ఆమెను తప్పుదోవ పట్టించింది. హంతకుడు షిఫ్ట్ దిగి, షో టీషర్టు విప్పి, తన సొంత నల్ల చొక్కా వేసుకున్నాడు. నాలుగో అధ్యాయంలో సిబ్బంది నల్ల బట్టల నియమం, తొమ్మిదో అధ్యాయంలో రాత్రి ఫీడ్‌లో ఎవరిదో నల్ల దుప్పటి తెల్లగా కనిపించి ఇద్దరు లాగర్లు నవ్వుకోవడం, పదహారులో లాగర్ వాంగ్మూలం, ముప్పై మూడులో ఒక్కొక్కరి నల్ల చొక్కానూ అదే కెమెరా ముందు పెట్టి లైట్లు ఆర్పడం. ఒకటి తప్ప అన్నీ నల్లగానే ఉండిపోతాయి. నిజాయితీగా ఆడిన ఆట అంటే ఇదీ.

రెండోది సమయం తేడా. రికార్డింగ్ మీద గంట, నిమిషం, సెకను, ఫ్రేమ్ (వీడియోలోని ఒక్కో బొమ్మ) చూపే అంకెను టైమ్‌కోడ్ అంటారు. సెకనుకు 29.97 ఫ్రేములు నడిచే దేశాల్లో డ్రాప్ ఫ్రేమ్ అనే లెక్కతో దాన్ని అసలు గడియారంతో కలుపుతారు. ఎవరైనా ఒక యంత్రంలో ఆ ఆప్షన్ పెట్టడం మర్చిపోతే టైమ్‌కోడ్ గంటకు 3.6 సెకన్లు వెనకబడుతుంది. 11 గంటలకు దాదాపు 40 సెకన్లు. మధ్యాహ్నం సరిచేసిన సౌండ్ రికార్డర్‌ను మళ్లీ ముట్టుకోలేదనుకోండి. తోట కెమెరా రికార్డింగ్‌లో దూరంగా కేక 2:41:20కి. మైకు రికార్డింగ్‌లో తలుపు చప్పుడు 2:41:00కి. చూసినవాళ్లంతా ఎవరో లోపలికి వచ్చారు, 20 సెకన్లకు కేక వినిపించింది అనుకుంటారు. 40 సెకన్లు కలిపితే తలుపు చప్పుడు కేక తర్వాత 20 సెకన్లకు వస్తుంది. అది వచ్చిన తలుపు కాదు, వెళ్లిన తలుపు. అంటే హంతకుడు అప్పటికే లోపల ఉన్నాడు. సెకనుకు 25 ఫ్రేములు నడిచే దేశంలో కథ పెడితే ఈ పొరపాటు రాదు. అక్కడ రికార్డర్ గడియారాన్ని అసలు కలపలేదని రాయండి. లేకపోతే ఆ పని తెలిసిన పాఠకుడు ఒక్క ముక్కలో నవలను పక్కన పడేస్తాడు.

నడుముకు కట్టే మైకు ట్రాన్స్‌మిటర్ సాధారణంగా రెండు బ్యాటరీలతో ఆరేడు గంటలు నడుస్తుంది. ఎవరి బ్యాటరీ ఎప్పుడు మార్చారో చిట్టా ఉంటుంది. ఇద్దరు కంటెస్టెంట్లు సరదాకు మైకులు మార్చుకుంటే ఒకరి గొంతు ఇంకొకరి ట్రాక్‌లో పడుతుంది. తోటలో గొడవ జరుగుతున్నప్పుడు ఒక అనుమానితుడి ట్రాక్‌లో వినిపించిన దగ్గు నిజంగా అతనిదేనా అన్నది మంచి దారి తప్పించే ఆధారం. అద్దం సంగతి చిన్నది కానీ వాడుకోవచ్చు: ఒకవైపు నుంచే కనిపించే అద్దం పనిచేసేది కారిడార్ చీకటిగా ఉన్నంతసేపే. అక్కడ ఫోన్ తెర వెలిగితే లోపలివాళ్లకు మెరుపు కనిపిస్తుంది. ఆ రాత్రి నిద్రపట్టని కంటెస్టెంట్ అద్దంలో చూసిన "మిణుగురు" అదే.

ఆధారాలు ఎన్ని కావాలి? హంతకుడి వైపు చూపేవి ఐదు, దారి తప్పించేవి మూడు చాలు. పది దాటితే చివరి అధ్యాయం లెక్కల పద్దులా తయారవుతుంది.

ఆరో దశ: శవం చెప్పే సమయం

శవం బిగుసుకోవడం దవడ దగ్గర 2 నుంచి 4 గంటల్లో మొదలై, 12 గంటలకల్లా ఒళ్లంతా పాకుతుంది, తర్వాత ఇంచుమించు అంతసేపు ఉండి సడలుతుంది. చలి దీన్ని నెమ్మదింపజేస్తుంది. పరికరాల కోసం 18 డిగ్రీల్లో పెట్టిన గదిలో వైద్యులు కచ్చితమైన నిమిషం చెప్పరు, చెప్పినట్టు రాయకండి. శరీరం గంటకు సగటున 0.8 డిగ్రీల చొప్పున చల్లారుతుందన్నది మోటు లెక్క మాత్రమే, ఒంటి మీద దుప్పటి ఉంటే అది కూడా మారిపోతుంది. వైద్యుల నోట "రెండు, నాలుగు మధ్య" అని రానివ్వండి. కథకు అది చాలు, నిమిషం చెప్పే పని టైమ్‌కోడ్ చూసుకుంటుంది.

రక్తం కిందికి దిగి చర్మం మీద ఏర్పడే మచ్చలు మీకు ఎక్కువ పనికొస్తాయి. అవి అరగంట నుంచి రెండు గంటల్లో కనిపిస్తాయి, 8 నుంచి 12 గంటల్లో కదలకుండా స్థిరపడతాయి. నమూనా కథలో శవాన్ని జరిపింది దాదాపు నాలుగున్నర గంటల తర్వాత. అప్పటికి మచ్చలు సగం స్థిరపడ్డాయి. కాబట్టి వెల్లకిలా ఉన్న మనిషిని పక్కకు తిప్పి పెడితే వీపు మీదా, పక్కనా, రెండు చోట్లా కనిపిస్తాయి. "ఎవరూ ముట్టుకోలేదు" అన్న నిర్మాణ సంస్థ మాట అబద్ధమని చెప్పేది ఆ మచ్చలే. చనిపోయిన పావుగంటకే జరిపారని రాసి ఈ ఆధారం వాడితే తప్పు, అప్పటికి ఏ గుర్తూ మిగలదు.

ఏడో దశ: అనుమానితులు, దర్యాప్తు చేసేవాళ్లు

ఇంట్లో పన్నెండు మందిని పెట్టి అందరినీ అనుమానించమనడం పాఠకుడి మీద భారం. పేరు గుర్తుండే అనుమానితులు ఆరుగురు చాలు, అందులో కనీసం ఇద్దరు సిబ్బంది. ప్రతి ఒక్కరికీ హత్యతో సంబంధం లేని ఒక సొంత రహస్యం ఇవ్వండి, దాన్ని దాచడానికే వాళ్లు అబద్ధమాడాలి. బయటి నుంచి తెచ్చుకున్న ఫోన్, సిబ్బందితో ప్రేమ, ముందే మాట్లాడుకున్న గెలుపు. ఒక్కో రహస్యం బయటపడ్డప్పుడల్లా ఒక్కో అనుమానితుడు జాబితా నుంచి రాలిపోతే కథ ముందుకు కదులుతుంది.

హంతకుణ్ణి మొదటి ఐదో వంతులోపే పాఠకుడికి పరిచయం చేయాలి, మంచి పని చేస్తుండగా చూపాలి. మన ప్రొడ్యూసర్ ఏడుస్తున్న కంటెస్టెంట్‌కు కన్ఫెషన్ రూమ్‌లో ఓదార్పు మాటలు చెబుతాడు. ఆ ఓదార్పు నిజమే. ఆ కన్నీళ్లు మరుసటి రోజు ప్రోమోలో వాడుకున్నది కూడా అతనే. రెండూ ఒకే మనిషిలో ఉండగలవని నమ్మించగలిగితే నవల నిలబడుతుంది. హంతకుణ్ణి మొదటి నుంచీ క్రూరుడిగా రాస్తే పజిల్‌తో పాటు విషయం కూడా పోతుంది.

దర్యాప్తు అధికారికి టీవీ అంటే ఏమీ తెలియకపోవడం మేలు. తెలియనివాళ్లు అడిగే ప్రశ్నల వల్లే నియమాలన్నీ సహజంగా పాఠకుడికి అందుతాయి. పక్కన లాగర్‌ను పెట్టండి. అధికారి ముందుగా అడగాల్సింది ప్రసారమైన ఎపిసోడ్లు కాదు, ముడి ఫుటేజ్, లాగ్ పుస్తకాలు, బ్యాటరీ చిట్టా, తలుపుల స్వైప్ కార్డు రికార్డు. సంస్థ మొదట ఎడిట్ చేసిన ముక్కలే ఇస్తుంది. ఈ పెనుగులాటకు రెండు అధ్యాయాలు చాలు, కోర్టు కాగితాల వివరాల్లో కూరుకుపోవద్దు.

ఎనిమిదో దశ: అధ్యాయాల కొలత

40 అధ్యాయాలు, ఒక్కోటి సుమారు 1,500 పదాలు, మొత్తం 60,000. హత్య నాలుగైదు అధ్యాయాల్లోపే జరిగిపోవాలి. సగం దగ్గర, అంటే ఇరవయ్యో అధ్యాయంలో, అప్పటిదాకా నమ్మిన ఒక విషయం తలకిందులవ్వాలి. నమూనా కథలో తలుపు చప్పుడు సంగతి తేలేది ఇక్కడే. ముప్పై రెండో అధ్యాయం నాటికి పాఠకుడి దగ్గర అన్ని ఆధారాలూ ఉండాలి, ఆ తర్వాత కొత్తవి తేకూడదు.

మధ్యమధ్యలో లాగ్ పేజీలు, ప్రోమో మాటలు, ప్రేక్షకుల కామెంట్లు పెట్టొచ్చు, కానీ ఒక్కోటి పేజీ దాటకూడదు. కామెంట్లు రాసేటప్పుడు అందరూ తిట్టేవాళ్లే అన్నట్టు రాయకండి. ముందు వారం ప్రేమ కురిపించిన ఖాతాయే ఈ వారం విషం కక్కడం చూపితే ఎక్కువ బాధిస్తుంది.

తొమ్మిదో దశ: ఎక్కడ చెడుతుంది, ఎలా దిద్దాలి

నిజంగా చనిపోయిన మనుషుల రూపాన్ని, వృత్తిని, చివరి మాటల్ని యథాతథంగా పాత్రకు తొడగొద్దు. వాళ్ల కుటుంబాలు బతికే ఉన్నాయి. యంత్రాంగం ఎలా పనిచేసిందో తీసుకోండి, మనిషిని తీసుకోకండి. కథలో ఎవరైనా ఆత్మహత్య చేసుకుంటే పద్ధతి వర్ణించకండి, అదే పరిష్కారమన్నట్టు ధ్వనించనివ్వకండి.

హతురాలు శవంగా మాత్రమే మిగిలిపోవడం ఇంకో పెద్ద లోపం. ప్రతి పది అధ్యాయాలకూ ఒకసారి ఆమె బతికున్న సన్నివేశం రావాలి, అది ప్రసారం కాని ఫుటేజ్ అయితే ఇంకా మంచిది. ఎవరూ చూడట్లేదనుకుని వంటగదిలో గిన్నెలు తోముతూ కూనిరాగం తీసిన 40 సెకన్లు. కథకు పనికిరాదని పక్కన పడేసిన ముక్క. దర్యాప్తు అధికారి దాన్ని రెండోసారి, మూడోసారి చూడడం రాయండి.

తిరగరాసేటప్పుడు నవలను చివరి అధ్యాయం నుంచి వెనక్కి చదవండి, ప్రతి విప్పిన ముడి దగ్గరా ఆగి దాని నియమం, ఆధారం ఎక్కడున్నాయో పేజీ నంబర్ రాసుకోండి. నంబర్ దొరకకపోతే అక్కడ మోసం జరిగినట్టు. తర్వాత టీవీ పని తెలియని ముగ్గురికి ముప్పై రెండో అధ్యాయం దాకానే ఇచ్చి, హంతకుడి పేరు, కారణం చీటీ మీద రాయించుకోండి. ముగ్గురూ సరిగ్గా రాస్తే దారి తప్పించే ఆధారం ఇంకొకటి కావాలి. ఒక్కరు కూడా రాయలేకపోతే తొమ్మిదో అధ్యాయంలో ఆ నల్ల దుప్పటి మీద ఇంకో రెండు వాక్యాలు పెంచండి.